మా హులియా ఎవరు రాస్తున్నారు?

హులియా అన్నది మా ఇళ్లలో మాట. మనిషి ఆనవాళ్లని అర్థం. ఎవరైనా తప్పిపోతే హులియా చెప్పమంటారు. పోలీసులు ఎవరికోసమైనా వెతుకుతుంటే హులియా రాసుకుంటారు. వయసెంత, ఒడ్డూ పొడుగూ ఎంత, గడ్డం ఉందా లేదా, ఒంటిమీద ఏ బట్టలున్నాయి. ఈ దేశంలో ముస్లింల హులియా ముస్లింలు రాసుకున్నది తక్కువ. ఇతరులు రాసిందే ఎక్కువ. తెలుగు సినిమా రాసింది: హీరో కోసం ప్రాణమిచ్చే భాయి, లేకపోతే బాంబు పెట్టేవాడు. కథలు రాశాయి: బిర్యానీ, అత్తరు, తలాక్. పోలీసులు సరేసరి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చి చచ్చిపోయిందీ మేమే, ఆ తర్వాత ఠాణాల చుట్టూ తిరిగిందీ మేమే. పట్టుకెళ్లిన కుర్రాళ్లలో చాలామందిని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. వాళ్లను పట్టించిన హులియాను మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

ఇప్పుడు దాన్ని ఓ కొత్త చోట రాస్తున్నారు. కంప్యూటర్‌కి నాలుగు మాటలు రాసిస్తే బొమ్మ గీసిస్తోంది. ఆ నాలుగు మాటల్నీ ప్రాంప్ట్ అంటున్నారు. పద్యనాటకాలు చూసినవాళ్లకు ఈ మాట కొత్తది కాదు. తెరచాటున పుస్తకం పట్టుకుని నిలబడి, నటుడు మరిచిపోయిన మాటను మెల్లగా అందించే మనిషిని ప్రాంప్టర్ అనేవాళ్లు. నటుడికి పాఠం ముందే వచ్చు. ప్రాంప్టర్ గుర్తు చేస్తాడంతే. ఈ యంత్రం సంగతీ అదే. దానికి పాఠం ముందే వచ్చు. మనం గుర్తు చేస్తాం. మరి అది ఆ పాఠాన్ని ఎవరి దగ్గర నేర్చుకుంది? మంచి ప్రాంప్ట్ ఎలా రాయాలో చెప్పేవాళ్లు ఇవాళ కొల్లలు. ఈ ప్రశ్న వేసేవాళ్లు మాత్రం కనిపించరు.

అది నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో ఫోటోల పక్కన జనం రాసిపెట్టిన మాటల నుంచి. ఓపెన్‌ఏఐ సంస్థ 2021లో క్లిప్ అనే నమూనాను తయారుచేసింది. బొమ్మకూ మాటకూ సంబంధం కలపడం దానికి నేర్పడానికి 40 కోట్ల బొమ్మ-మాట జతలు వాడారు. 2022లో లయాన్-5బి అనే భండారం వచ్చింది. అందులో 585 కోట్ల జతలు. వాటిలో 232 కోట్లు ఒక్క ఇంగ్లీషువే. వందకు పైగా ఉన్న మిగతా భాషలన్నీ కలిసి పంచుకున్నది దాదాపు అంతే. అదే ఏడాది ఆగస్టులో జనం చేతికొచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ ఈ భండారంలోంచి ఏరిన జతలతోనే చదువుకుంది. అంటే ఫోటో కింద వ్యాఖ్య రాసినవాడే ఈ యంత్రానికి ఉస్తాద్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. స్కూటర్ బాగుచేస్తున్న మనిషి ఫోటో కింద ఏమని రాస్తారు? మెకానిక్ అని రాస్తారు. అదే మనిషి శుక్రవారం టోపీ పెట్టుకుని సజ్దా చేస్తుంటే ముస్లిం అని రాస్తారు. అతను బడికి పిల్లను దింపేటప్పుడు తండ్రి, కూరగాయలు బేరం చేసేటప్పుడు గిరాకీ, ఓటేసేటప్పుడు ఓటరు. నమాజులో, ఊరేగింపులో, కర్ఫ్యూలో, చేతులకు బేడీలతో ఉన్నప్పుడు మాత్రమే ముస్లిం. కాబట్టి యంత్రం దృష్టిలో ముస్లిం స్కూటర్ బాగుచేయడు, బేరమాడడు, నవ్వడు. ఇది యంత్రం మీద ఎవరో కావాలని రుద్దిన ద్వేషం కాదు. అంతకంటే ఘోరం. ఇది రోజువారీ అలవాటు. అలవాటుకు కేసు పెట్టలేం.

బొమ్మలు గీసే యంత్రాలకంటే ముందే మాటలల్లే యంత్రాల్లో ఈ సంగతి బయటపడింది. 2021లో అబూబకర్ అబీద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జౌ అనే పరిశోధకులు జీపీటీ-3కి ఇద్దరు ముస్లింలు ఒక చోటికి నడిచి వెళ్లారని చెప్పి, ఆ వాక్యాన్ని పూర్తి చేయమన్నారు. వందలో 66 సార్లు అది హింసతో ముగించింది. అప్పుడు వాళ్లు ముస్లింల గురించి ముందుగా ఒక మంచి విశేషణం చేర్చి చూశారు. కష్టజీవులు అన్నట్టు. అన్నిటికంటే బాగా పనిచేసిన ఆరు విశేషణాలతో ఆ 66 కాస్తా 20కి దిగింది. అయినా ఇతర మతాల పేర్లతో వచ్చినదానికంటే ఎక్కువే.

ఈ ఒక్క ప్రయోగంలో ప్రాంప్ట్ రాసేవాడికి కావాల్సిన పాఠం మొత్తం ఉంది. మాట మారితే యంత్రం మారుతుంది, నిజమే. అయితే ఆ మాట మేమే ఎందుకు చేర్చాలి? ముస్లిం అన్నప్పుడల్లా ముందు ఒక కాండక్ట్ సర్టిఫికెట్ అతికించాలా? ఇల్లు అద్దెకడిగేటప్పుడు, క్రికెట్ మ్యాచ్ చూసేటప్పుడు అతికించుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు యంత్రానికి కూడానా? 'మంచి ముస్లిం' అని రాస్తే మంచి బొమ్మ రావచ్చు. కానీ ఆ విశేషణం ఒప్పుకున్న మరుక్షణం, విశేషణం లేని ముస్లిం చెడ్డవాడని మేమే ఒప్పుకున్నట్టు. అందుకే ప్రాంప్ట్ పాఠాల్లో మేం మొదట కాదనేది విశేషణాలనే. మనిషికి కావాల్సింది కితాబు కాదు, ఒక పనీ ఒక చోటూ.

ఒక మాట ఎంత బరువు మోస్తుందో తూచి చూడడానికి ఈ యంత్రాల్లోనే ఒక తక్కెడ ఉంది. బొమ్మ ఏమీలేని చుక్కల రొద నుంచి మొదలవుతుంది. మన మాటల్ని బట్టి ఆ రొదను అంచెలంచెలుగా తుడుచుకుంటూ పోతే రూపం తేలుతుంది. మొదటి రొదకు ఒక అంకె ఉంటుంది. సీడ్ అంటారు. చాలా యంత్రాల్లో ఆ అంకెను కదలకుండా పట్టుకోవచ్చు. అంకె అదే ఉంచి ఒక్క మాట మార్చితే, రెండు బొమ్మల మధ్య తేడా ఆ మాట తెచ్చిందే. మేం 'తెలంగాణ పొలంలో రైతు' అని ఒకసారి, 'తెలంగాణ పొలంలో ముస్లిం రైతు' అని ఒకసారి అడిగి చూశాం. మొదటి బొమ్మలో ఎడ్లున్నాయి, బురద ఉంది, మనిషి నాగలి మీద వంగి ఉన్నాడు. రెండో బొమ్మలో ఎడ్లు మాయం. బురద ఎండి ఇసుకైంది. దూరాన ఒక గుమ్మటం మొలిచింది. మనిషి పని మానేసి మనవైపు చూస్తున్నాడు. ఒక్క మాట ఒక మనిషి పొలాన్ని లాగేసుకుంది. విమర్శకులు పేజీలకు పేజీలు రాసి నిరూపించలేనిదాన్ని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. ఈ పని మా కుర్రాళ్లు చేయాలి. రోజూ చేయాలి.

ఇక మా సెక్యులర్ మిత్రుల ప్రాంప్టుల సంగతి. వాళ్లకు మా మీద ద్వేషం లేదు, ప్రేమే. ఒక సభకు పోస్టర్ కావాలంటే 'పేద ముస్లిం స్త్రీ' అని రాస్తారు. యంత్రం నల్ల బురఖా, తడి కళ్లు, వెనక మినారు, పైనుంచి జాలువారే వెలుతురు గీసిస్తుంది. మిత్రుడికి తృప్తి. మాకు మాత్రం ఆ స్త్రీ మా ఇంట్లో ఎవరో తెలియదు. మా అమ్మీ కాదు, ఖాలా కాదు, పక్కింటి నూర్‌బాషా వాళ్లావిడ కాదు.

ఆ నూర్‌బాషా ఆవిడనే అడిగి చూద్దామనుకున్నాం. దూదేకుల వాళ్ల ఇంటి భాష తెలుగు, కట్టు చీర. కులం పేరు రాస్తే యంత్రానికి ఏమీ తెలియదు. దూది ఏకే విల్లు అని రాశాం. విల్లు అనగానే అది ఆమె చేతికి బాణం కూడా ఇచ్చింది! తరాలుగా పరుపులు కుట్టి ఊరిని నిద్రపుచ్చిన చేతికి ఆయుధం. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. అప్పుడు పేర్లు మానేసి కంటికి కనపడేది మాత్రమే రాశాం:

'రాయలసీమ పల్లె, ఉదయం ఏడు గంటలు. నలభై అయిదేళ్ల స్త్రీ, వెలిసిన నూలు చీర, కొంగు తలమీదుగా. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తెల్లటి దూది కుప్పను రెండు చేతులా పరుపు గలేబులోకి దూరుస్తోంది. పక్కన గోడకు ఆనించి మనిషి పొడవు కర్ర, దానికి చివరినుంచి చివరికి బిగించిన ఒకే తాడు. సున్నం కొట్టిన గోడ. వెలుతురు ఎడమ పక్కనుంచి. ఎదురుగా కూర్చుని, ఆమె కంటి ఎత్తులో తీసిన ఫోటో.'

ఈసారి వచ్చిన బొమ్మ పూర్తిగా సరైనదని అనం. కాని అందులో ఒక మనిషి ఉంది. ఎందుకొచ్చిందో చూడండి. మొదట చోటు, వేళ. ఆ తర్వాత మనిషి. ఆ మనిషికో క్రియ. క్రియ లేని ప్రాంప్ట్‌లో మనిషి కెమెరాకేసి చూస్తూ నిలబడిపోతుంది, జంతుప్రదర్శనశాలలో లాగా. చేతికి పని ఇస్తే చూపు పని మీదికి పోతుంది. తర్వాత వస్తువులు, వాటి పేర్లతో కాదు, వాటి ఆకారంతో. వెలుతురు ఎటునుంచి వస్తోందో చెప్పాం. లేకపోతే యంత్రం తన దగ్గరున్న సినిమా వెలుతురు పోస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఎక్కడ కూర్చుని చూస్తున్నారో చెప్పాం. పైనుంచి చూస్తే జాలి, కిందినుంచి చూస్తే భయం, కంటి ఎత్తులో చూస్తే పరిచయం. అద్భుతమైన, అందమైన, ఎంతో వివరంగా లాంటి మాటలు ఒక్కటీ రాయలేదు. అవి బొమ్మకు నునుపు తెస్తాయి. ఆమె ముఖం మీది ముడతలే ముందు పోతాయి.

'లేకుండా' అనే మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టోపీ లేకుండా, బురఖా లేకుండా అని రాస్తే చాలా యంత్రాలు, ముఖ్యంగా తొలినాటివి, టోపీనీ బురఖానూ తీసుకొచ్చి పెడతాయి. వాటికి పేరు వినిపిస్తుంది, నిషేధం వినిపించదు. వద్దనేవి రాయడానికి కొన్నిటిలో వేరే గడి పెట్టింది అందుకే. మాకిందులో మా బతుకే కనిపించింది. 'మేం తీవ్రవాదులం కాదు' అని ఎన్ని సభల్లో అరిచాం! వినేవాడికి కాదు అన్నది వినపడలేదు, తీవ్రవాది అన్నదే వినపడింది. ఏం కాదో చెప్పడం మానేసి, ఏమిటో చెప్పాలి. ఇది ప్రాంప్ట్‌కే కాదు, మా ఉపన్యాసాలకూ వర్తిస్తుంది.

మరి కలిసి బతికిన బతుకును ఎలా రాయాలి? పీర్ల పండుగనే తీసుకోండి. మొహర్రం అనగానే యంత్రం నల్లబట్టలు కట్టి గుండెలు బాదుకునే మగవాళ్ల గుంపును తెస్తుంది. మా పల్లెల పీర్లు దానికి తెలియవు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప స్వామి అని పిలుస్తూ మొక్కేది పీరునే. హిందువులు, ముస్లింలు ఇద్దరూ మొక్కుతారు. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లను మతం అడిగి ఎవరూ ఆపరు. దీన్ని 'హిందూ ముస్లింలు కలిసి జరుపుకునే పండుగ' అని రాస్తే ఏమొస్తుందో తెలుసా? సగంమందికి బొట్టు, సగంమందికి టోపీ, మధ్యలో చేతులు కలుపుకున్న ఇద్దరు. పాత క్యాలెండర్ బొమ్మ. యంత్రం రెండు ముద్రలు వేసి, ఆ తర్వాత కౌగిలింత గీస్తుంది. గూగూడులో పీరును మోసేవాడి ముఖం చూసి ఎవరో చెప్పగలరా? అక్కడి విశేషమే అది. ఆ కలగలుపు బొమ్మలోకి రావాలంటే ప్రాంప్టులోంచి హిందూ, ముస్లిం అనే రెండు మాటల్నీ తీసేసి పొడవాటి కర్రను, ఇత్తడి పంజాను, చుట్టిన రంగు గుడ్డలను, పూలదండలను, నిప్పుల గుండాన్ని, గుండం చుట్టూ చెమటలో మెరిసే భుజాలను రాయాలి. అస్తిత్వం కోసం రాసే మేమే అస్తిత్వం పేరును తీసేయమంటున్నామేమని అడగొచ్చు. పేరు తీసేయమన్నది యంత్రానికిచ్చే మాటల్లో. బొమ్మ కింద రాసేటప్పుడు పేరు, ఊరు పెట్టి తీరాల్సిందే. ఎందుకంటే రేపటి యంత్రానికి పాఠం ఆ వ్యాఖ్యే.

భాష సంగతికొద్దాం. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ ఒక ప్రాంప్ట్‌లో 77 ముక్కలే చదివేది, మిగతాది వదిలేసేది. ఆ ముక్కలు ఇంగ్లీషు కొలతతో కోసినవి. తెలుగక్షరం వాటిలో నుజ్జునుజ్జవుతుంది. ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాలు పట్టే చోటు తెలుగులో కొద్ది మాటలకే నిండిపోతుంది. ఇప్పటి యంత్రాలు తెలుగునూ ఉర్దూనూ తీసుకుంటున్నాయి, సంతోషం. అయితే 2023లో వచ్చిన డాల్-ఈ 3 లాంటివి మనం రాసిందాన్ని రాసినట్టు వాడవు. మధ్యలో మరో యంత్రం దాన్ని తిరగరాసి, సాగదీసి అందిస్తుంది. ప్రాంప్టర్‌కు ఇంకో ప్రాంప్టర్. మనం అమ్మీ అంటే అది మదర్ అంటుంది. దస్తర్‌ఖాన్ అంటే టేబుల్ వేస్తుంది. మంచి ఉద్దేశంతో చేసినా ఈ చాటు చెయ్యి ఏం చేయగలదో 2024 ఫిబ్రవరిలో చూశాం. గూగుల్ వాళ్ల జెమినై అన్ని జాతుల్నీ చూపించాలన్న తాపత్రయంలో హిట్లర్ కాలపు జర్మన్ సైనికుల్ని కూడా నల్లవాళ్లుగా, ఆసియా వాళ్లుగా గీసింది. కంపెనీ కొన్నాళ్లు మనుషుల బొమ్మలు గీయడమే ఆపేయాల్సి వచ్చింది. చరిత్ర తెలియని సమానత్వం అంతే. అందుకే తిరగరాసిన ప్రాంప్ట్ చూపించమని యంత్రాన్ని అడగండి. చూపిస్తే చదవండి. మీరు రాయని మాట అందులో ఏముందో పట్టుకోండి.

ఫలానా చిత్రకారుడి శైలిలో అని రాయడం మరో జబ్బు. గ్రెగ్ రుట్కోవ్‌స్కీ అనే పోలండ్ చిత్రకారుడి పేరును 2022లో వేలాదిమంది వాడేసుకున్నారు, ఆయన్ను అడక్కుండానే. 2025 మార్చిలో జపాన్ జిబ్లీ స్టూడియో వంతు వచ్చింది. మా వరకు ఈ ప్రశ్న ఎం.ఎఫ్. హుసేన్ దగ్గర తగులుతుంది. బొమ్మలు గీసినందుకే కేసులూ బెదిరింపులూ చుట్టుముడితే ఆ ముసలాయన 2006లో దేశం విడిచిపోయాడు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011లో లండన్‌లో కన్నుమూశాడు. మావాళ్లూ తక్కువేం తినలేదు. ఆయన 2004లో తీసిన 'మీనాక్షి' సినిమాలో ఒక పాట మీద ముస్లిం సంస్థలు అభ్యంతరం చెబితే సినిమా థియేటర్లలోంచి వెనక్కి పోయింది. బతికుండగా ఆ మనిషికి చోటివ్వని దేశంలో, ఇవాళ ఎవడైనా ఆయన పేరు ఒక్కటి టైపుచేసి ఆయన గుర్రాల్ని తోలుకుపోవచ్చు. మనిషి వద్దు, గీత మాత్రం కావాలి. ఇదేం న్యాయం?

మేం ప్రాంప్ట్ రాయడం గురించి ఇంత పట్టుబడుతున్నది సరదాకి కాదు. మా మీద ప్రాంప్టులు రాసేవాళ్లు పని మొదలుపెట్టి చాలా కాలమైంది. సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ ఆర్గనైజ్డ్ హేట్ అనే సంస్థ 2025లో ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలో ముస్లింల మీద గురిపెట్టి యంత్రాలతో చేసిన 1,326 బొమ్మల్నీ వీడియోల్నీ 297 ఖాతాల నుంచి సేకరించి పరిశీలించారు. అన్నిటికంటే ఎక్కువ స్పందన దక్కింది ముస్లిం స్త్రీలను లైంగికంగా చూపించే బొమ్మలకు. 2021, 2022లలో మా ఆడపిల్లల ఫోటోలు దొంగిలించి వేలం ఆటలు ఆడారు. ఇప్పుడు ఫోటో దొంగిలించే శ్రమ కూడా అక్కర్లేదు. హులియా రాస్తే చాలు. వాళ్ల ప్రాంప్టులు పనిచేస్తాయి. ఎందుకంటే యంత్రానికి ముందే వచ్చిన పాఠాన్నే వాళ్లు అందిస్తున్నారు. మేం మాత్రం పాఠానికి ఎదురీదాలి.

ఎదురీదడమంటే అబద్ధపు బొమ్మకు అబద్ధపు బొమ్మతో జవాబివ్వడమా? కాదు. 2024 మే నెలలో రఫా మీద అందరి కళ్లూ అనే ఇంగ్లీషు నినాదాన్ని గుడారాల వరసలతో రాసిన ఒక యంత్రపు బొమ్మను నాలుగు కోట్లకు పైగా పంచుకున్నారు. సదుద్దేశమే. కాని ఆ బొమ్మలో రఫా లేదు. వెనక ఆ నేల మీద లేని కొండలున్నాయి. ఒక్క మనిషి ముఖం లేదు. పాలస్తీనా ఫోటోగ్రాఫర్లు ప్రాణాలకు తెగించి తీసిన ఫోటోలు అక్కడే ఉన్నాయి. చూడలేక, చూపించలేక జనం శుభ్రమైన బొమ్మను ఎంచుకున్నారని మా అభిప్రాయం. జరిగిన గాయానికి యంత్రంతో సాక్ష్యం గీయించకూడదు. బుల్డోజర్ కూల్చిన ఇంటి బొమ్మ ఒకటి కల్పించామని తేలితే, నిజంగా కూలిన ఇళ్ల ఫోటోలన్నీ అబద్ధమైపోతాయి. కథకు, కవితకు, పిల్లల పుస్తకానికి బొమ్మ గీయించుకుందాం. వార్తకు మాత్రం కెమెరాయే వెళ్లాలి. యంత్రంతో చేయించిన ప్రతి బొమ్మ కిందా ఆ సంగతి రాసి తీరాలి.

చివరికి ప్రాంప్ట్ కంటే పెద్ద పని ఒకటుంది. ఎంత గొప్పగా రాసినా యంత్రం ఎన్నడూ చూడనిదాన్ని గీయలేదు. పీర్ల చావిడి, దూదేకుల అరుగు, బీడీలు చుట్టే ఆపా, ఉర్దూ మీడియం బడిలో నల్లబల్ల, సైకిల్ మీద గాజులమ్మే చాచా. వీటి ఫోటోలు మా ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున ఉన్నాయి, వెనక ఒక్క మాట రాసి లేకుండా. వాటిని బయటికి తీయాలి. ఒక్కోదాని కిందా ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది, ఏం చేస్తున్నారు అని తెలుగులో ఒక వాక్యం, ఉర్దూలో ఒక వాక్యం రాయాలి. ఎవరి ఫోటో అయితే వాళ్ల ఇజాజత్ తీసుకుని రాయాలి. అది కవిత్వం కానక్కర్లేదు. పని చేస్తున్న ముస్లిం ఫోటో కింద పని పేరూ, మనిషి పేరూ రెండూ ఉంటే చాలు. అమ్మీల, నానీమాల జ్ఞాపకం ఉండగానే ఈ పని జరగాలి. వాళ్లు పోతే ఫోటోలో ఉన్నదెవరో చెప్పేవాళ్లుండరు.